వాషర్ మార్చాకే వాక్యం: ఇంటి రిపేర్లలో ఆత్మీయ పాఠాలు వెతుక్కునే పద్ధతి

కొన్నేళ్ళ కిందట మా సంఘం యవనస్తుల కూడికలో కారుతున్న కుళాయి గురించి ఓ పది నిమిషాలు మాట్లాడాను. చిన్న చిన్న పాపాలు చుక్కచుక్కగా జీవితాన్ని ఎలా ఖాళీ చేస్తాయో చెబితే పిల్లలంతా తలలూపారు. నాకు బాగానే అనిపించింది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచే అంది: "ఏవండీ, మన పెరట్లో కుళాయి కారబట్టి మూడు నెలలైంది. దాని మీద వాక్యం చెప్పారు, బానే ఉంది. అది బాగుచేసేదెప్పుడు?"

ఆ మాటతో నా పద్ధతి తలకిందులైంది. అప్పటిదాకా ముందు బైబిలు వచనం ఎంచుకుని, దానికి సరిపోయే రిపేరు కథ వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు రిపేరు ముందు, పాఠం తర్వాత. చేతికి ఎదురుతిరిగిన చోటే పాఠం దొరుకుతుంది. చెయ్యి పెట్టకుండా దొరికేది ఉపన్యాసం. నేను పాటిస్తున్న మెట్లు కింద రాస్తున్నాను. నా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉంది కాబట్టి ఉదాహరణల్లో ఉప్పు, తుప్పు, చెమ్మ ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు: ఒకే ఒక్క పని తీసుకోండి

శనివారం ఒక పూటలో అయ్యేది చాలు. కుళాయి వాషరో, బిగుసుకున్న తలుపో, ఒక్క కిటికీ గ్రిల్లో. ఇల్లంతా ఒకేసారి సరిచేద్దామని దిగితే సాయంత్రానికి సామానంతా నడవాలో, కోపమంతా మొహంలో ఉంటాయి. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పింది శిష్యరికం గురించి. అయినా హార్డ్‌వేర్ కొట్టుకు బయల్దేరేముందు చీటీ రాసుకోవడానికీ అది పనికొస్తుంది.

"నాకీ పనులు రావు" అనే సాకు నాక్కూడా ఉండేది. నెహెమ్యా 3వ అధ్యాయం చదివాక పోయింది. యెరూషలేము గోడ బాగుచేసినవాళ్ళ జాబితాలో కంసాలి ఉన్నాడు, పక్కనే సుగంధద్రవ్యాలు కలిపేవాడున్నాడు, కూతుళ్ళతో సహా వచ్చిన ఒక అధికారి ఉన్నాడు. వీళ్ళలో ఒక్కరూ తాపీపనివాళ్ళు కారు. చాలామంది ఎవరింటి ఎదుటి గోడ వాళ్ళే బాగుచేసుకున్నారు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. తెకోవ ఊరి పెద్దలు మాత్రం మెడ వంచలేదని ఐదో వచనంలో రాసిపెట్టారు. రిపేరు పనికి ఒళ్ళు వంచనివాళ్ళ పేరు ఇన్ని వేల ఏళ్ళు నిలిచిపోవడం నాకు కాస్త భయంగానే ఉంటుంది.

ఒక మినహాయింపు. కరెంటు పని మీరు చెయ్యకండి. కరెంటు బోర్డులో ఎంసీబీ స్విచ్చు మాటిమాటికీ పడిపోతున్నా, గోడ ముట్టుకుంటే జివ్వుమన్నా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. తడిగోడ ఉన్న ఇంట్లో మరీను. నాకు రాని పని నాకు రాదని ఒప్పుకోవడంలోనూ పాఠముంది, అదీ ప్రాణం మీదికి రాకుండా.

రెండో మెట్టు: చెయ్యి పెట్టకముందు చూడండి

మా హాలు గోడ మీద, అడుగు నుంచి రెండడుగుల ఎత్తు దాకా పుట్టీ పొక్కిపోయి, పైన తెల్లటి ఉప్పు పొడి లేచింది. నేను చేసిన మొదటి పని గీకి, పుట్టీ పెట్టి, రంగు వెయ్యడం. నాలుగు నెలలకి అదే చోట అదే మచ్చ. రెండోసారి ఖరీదైన రంగు వేశాను. మళ్ళీ అదే. అప్పుడు మా వీధి చివరుండే మేస్త్రీ తాతని పిలిచాను. ఆయన గోడని చూడనైనా లేదు. గోడకి అవతలున్న బాత్రూంలోకి వెళ్ళి నేల మీద చతికిలబడ్డాడు.

"నీరెక్కడ్నించొస్తందో సూడాల బాబూ ముందు. గోడకి రంగేసేస్తే జబ్బు పోద్దేటి?"

టైల్సు మధ్య అతుకుల్లో గ్రౌట్ రాలిపోయి ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్ళు అందులోంచి దిగి, గోడలోకి పాకి, హాల్లో తేలుతున్నాయి. నీరు ఇటుకల్లోని, సిమెంటులోని లవణాలను కరిగించి పైకి తెస్తుంది. గోడ ఆరేటప్పుడు నీరు పోయి, ఉప్పు మిగిలి, రంగుని లోపల్నుంచి నెట్టేస్తుంది. తప్పు ఒక గదిలో ఉంటే మచ్చ ఇంకో గదిలో తేలింది.

మీ గోడకీ ఇలాంటి అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు వైపులా టేపు వేసి గోడకి గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. గోడ వైపు తడి పట్టిందంటే నీరు గోడలోంచే వస్తోంది. గది వైపు పడితే అది గాలిలోని చెమ్మ. కిటికీలు తెరిస్తే సగం పని అయిపోయినట్టే. వానాకాలంలో రెండు వైపులా పట్టినా పట్టొచ్చు, అప్పుడు తీర్పు వాయిదా వెయ్యండి.

తీర్పు వాయిదా వెయ్యడమనేది లేవీయకాండము 14వ అధ్యాయంలో ఉంది. ఇంటి గోడకి పట్టే పొడ, అంటే తెగులు మచ్చ, గురించి అక్కడ ఇరవై వచనాలుంటాయి. ఏడాదిలో బైబిలు పూర్తి చేసే చార్టుల్లో అందరం పరుగున దాటేసే చోటు అది. గోడకి చెమ్మ పట్టిన రోజున నెమ్మదిగా చదవండి. ఇంటి యజమాని తనంతట తాను యాజకుడి దగ్గరికెళ్ళి, పొడలాంటిదేదో నా ఇంట్లో కనబడుతోందని చెప్పాలి. యాజకుడు లోపలికి రాకముందే సామాను బయట పెట్టించాలి, లేకపోతే అదంతా అపవిత్రమైపోతుంది. ఎంత దయ చూడండి. ఆ తర్వాత ఏడు రోజులు ఇల్లు మూసి ఆగుతారు. పొడ పాకితేనే రాళ్ళు పెరకడం, గోడలు గీకడం, ఆ పెళ్ళలు ఊరి బయట పారబోయడం, వేరే రాళ్ళు పెట్టి కొత్తగా పూయడం. ఇంత చేశాకా మళ్ళీ వస్తేనే ఇల్లు పడగొట్టడం.

నేను రంగు డబ్బాతో మొదలుపెట్టాను. లేవీయకాండంలో రంగు ఊసే లేదు. ఇందులో నాకు తగిలింది యాజకుడి ఓపిక కన్నా యజమాని మాట. "నా ఇంట్లో ఏదో ఉన్నట్టుంది" అని ఇంకొకరి దగ్గరికెళ్ళి చెప్పడం. నేను మేస్త్రీ తాతని పిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇంకో విషయం గురించి మా పాస్టరు గారితో మాట్లాడటానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. అదేమిటో ఇక్కడ రాయను.

మూడో మెట్టు: పని పనిలాగే చెయ్యండి

స్పానర్ చేతిలో ఉన్నప్పుడు ధ్యానం చెయ్యకండి. దేవుడికి కోపం రాదు గానీ స్క్రూ డ్రెయిన్లో పడిపోతుంది. పెరటి కుళాయిని నేనెలా విప్పానో వరసగా చెబుతాను.

ముందు ఆ లైను గేట్ వాల్వు కట్టి, కుళాయి తెరిచి, పైపులో మిగిలిన నీరు పోనివ్వండి. కింద తూముకి పాతగుడ్డ అడ్డం పెట్టండి. కుళాయి మెడ చుట్టూ గుడ్డ చుట్టి, స్పానర్‌తో అపసవ్యంగా తిప్పితే పై భాగం ఊడి వస్తుంది. స్పిండిల్ (లోపల తిరిగే కాడ) అడుగున చిన్న నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దొంగ అదే. దాన్ని జేబులో వేసుకునే కొట్టుకు వెళ్ళండి. మేం పూర్ణా మార్కెట్ వైపు వెళ్తాం, మీ వీధి చివరి కొట్టయినా సరే. "అరంగుళం కుళాయి వాషర్" అని నోటితో అడిగితే ఒకటిస్తారు, పాతది చూపిస్తే సరైనదిస్తారు. కొత్తది పెట్టేముందు లోపల ఇత్తడి అంచుని వేలితో తడమండి. అది గీతలు పడి, గరుకుగా ఉంటే కొత్త వాషర్ని కూడా కొద్ది రోజుల్లోనే కోసేస్తుంది; అప్పుడు కుళాయే మార్చుకోవాలి. కుళాయిని సగం తెరిచిన స్థితిలో ఉంచి పైభాగం బిగించండి. పావు తిప్పుతో ఆగే కొత్తరకం కుళాయిల్లో వాషర్ ఉండదు, లోపలి కార్ట్రిడ్జి మొత్తం మార్చాలి.

ఆ పాత వాషర్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. రబ్బరు రాయిలా గట్టిపడిపోయింది. మధ్యలో గుండ్రంగా, లోతుగా ఒక గాడి. మూడు నెలలూ నేను చేసిందేమిటంటే, కారినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా బిగించడం. బిగించినకొద్దీ ఇత్తడి అంచు రబ్బరులోకి ఇంకా దిగింది. నేను వేసిన బలమంతా ఆ గాడినే లోతు చేసింది.

నాలుగో మెట్టు: జరిగింది ఒక్క ముక్కలో రాయండి, భక్తి కలపకుండా

చేతులు కడుక్కుని, టీ తాగుతూ, ఒక నోటుబుక్కులో తేదీ వేసి ఒక్క వాక్యం. కుళాయి రోజున నేను రాసింది: "బిగించినకొద్దీ ఎక్కువ కారింది." అంతే. అందులో దేవుడు లేడు, పాపం లేదు, కృప లేదు. ఉండకూడదు కూడా. ఈ దశలోనే "ప్రభువు నాకు నేర్పినదేమనగా" అని మొదలుపెట్టారంటే మీకు ముందే తెలిసిన పాఠాన్నే మళ్ళీ రాసుకుంటారు.

అంకెలుంటే అవీ రాయండి. సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకి 86,400 చుక్కలు. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలేసుకున్నా నాలుగు లీటర్లు దాటుతుంది. మూడు నెలలకి ఎంతో నేను లెక్కేశాను, మా ఆవిడకి చూపించలేదు.

ఐదో మెట్టు: ఇప్పుడు బైబిలు తెరవండి

మీరు రాసిన ఆ ఒక్క వాక్యం పట్టుకుని లేఖనంలోకి వెళ్ళండి. "కుళాయి", "నీరు" లాంటి మాటలతో వెతక్కండి, సమరయ స్త్రీ బావి దగ్గర తేలతారు. జరిగిన తీరుతో వెతకండి. "బిగించినకొద్దీ ఎక్కువ కారింది" అనేది నన్ను యెహెజ్కేలు 36:26కి తీసుకెళ్ళింది. రాతిగుండెని తీసేసి మాంసపు గుండె ఇస్తానని దేవుడు అక్కడ అంటాడు. రాతిగుండెని ఇంకాస్త గట్టిగా బిగించమని అనలేదు. కోపం తగ్గించుకోవాలని పళ్ళు బిగపట్టి నేను చేసిన తీర్మానాలన్నీ, జనవరి ఒకటో తారీకువి కూడా, ఆ పాత వాషర్ మీద స్పానర్ వేసినట్టే.

తెలుగులో పైకి చదవండి. తెలుగులో చదువుకునే భాగ్యానికీ మన ఊరికీ సంబంధముంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. సగంలో వదిలిన పనిని వేరేవాళ్ళు అందుకున్నారు. మీ ఇంట్లో సగంలో ఆగిన పనులున్నా మరీ కుంగిపోకండి.

వచనం దొరికాక ఒక పరీక్ష పెట్టండి: దాని ముందు పది వచనాలు, వెనక పది వచనాలు చదివితే నా పాఠం నిలుస్తుందా? గ్రిల్లు తుప్పు దగ్గర నేను ఇక్కడే తప్పాను. చిమ్మెట, తుప్పు తినేస్తాయన్న మత్తయి 6:19 వెంటనే నాలుక మీదికొచ్చింది. చదివితే అది ధనం ఎక్కడ దాచుకోవాలన్న సంగతి. నా గ్రిల్లులో నాకు తగిలింది అది కాదు.

తగిలింది ఏమిటో చెప్పాలంటే పని చెప్పాలి. సముద్రం దగ్గర ఇళ్ళలో గ్రిల్లుకి రంగు వేసేముందు చాలామంది మరిచిపోయేది మంచినీళ్ళతో కడగడం. ఉప్పు పొర మీదే రంగు పడితే, ఆ ఉప్పు చెమ్మని పీల్చుకుంటూ రంగు కిందే తుప్పు పెంచుతుంది. కడిగి, బాగా ఆరనిచ్చి, వైర్ బ్రష్‌తో పొలుసులు రాల్చి, ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. దుమ్ము తుడిచి ఆ పూటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వెయ్యాలి. అది ఆరాక ఎనామిల్ రెండు కోట్లు. "ఆ పూటే" అన్నమాట కింద గీత గీసుకోండి. నేను సాయంత్రం దాకా రుద్ది, అలిసిపోయి, ప్రైమర్ రేపు వేద్దామని పడుకున్నాను. తెల్లారేసరికి వెండిలా మెరిసిన ఇనుము మీద పసుపు జల్లినట్టు సన్నటి తుప్పు. రాత్రంతా వీచిన గాలి చాలింది దానికి.

నోటుబుక్కులో రాసింది: "శుభ్రం చేసి ఖాళీగా వదిలేశాను, ఒక్క రాత్రిలో తిరిగొచ్చింది." లూకా 11:24-26 చూడండి. ఊడ్చి, అమర్చి ఉన్న ఇంటికి ఆ అపవిత్రాత్మ తిరిగొస్తుంది, తనకన్నా చెడ్డవాటిని ఇంకో ఏడింటిని వెంటేసుకుని. ముందూ వెనకా చదివినా ఈ పాఠం నిలిచింది. ఒక అలవాటు మానేసినవాడికి మానేసిన రోజు కాదు ప్రమాదం, ఆ రాత్రి. ఆ ఖాళీ గంటల్లో ఏం వేస్తాడన్నది. మా యవనస్తులకి ఈసారి ఇదే చెప్పాను, గ్రిల్లుకి ప్రైమర్ వేశాకే.

ఆరో మెట్టు: వేలు ఎటు చూపిస్తోందో గమనించండి

పాఠం దొరగ్గానే అది ఇంట్లో ఇంకెవరికో బాగా సరిపోతుందనిపిస్తుంది. నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ముసురు పట్టిన రోజున కురిసే ఇంటినీ గయ్యాళి భార్యనీ పోల్చిన సామెత ఒకటుంది, సామెతలు 27:15. స్లాబు కారుతున్నప్పుడు దాన్ని పైకి చదివే ధైర్యం ఎవరికైనా ఉంటే చదువుకోవచ్చు. నేను చదవను.

తలుపు నాకు దీన్ని నేర్పింది. వానలకి మా పడగ్గది తలుపు కింద గడప దగ్గర రాసుకుంటోంది. చిత్రిక తెచ్చి అడుగు చెక్కేద్దామనుకున్నాను. అదృష్టం కొద్దీ ముందు పైకి చూశాను. పై మడతబందు స్క్రూలు వదులై తలుపు ముందుకు వాలింది. రాసుకునేది కింద, వదులైంది పైన. స్క్రూ విప్పి, ఆ బెజ్జంలో రెండు మూడు అగ్గిపుల్లల్ని తలలు విరిచి ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక స్క్రూ బిగిస్తే పట్టు దొరికింది. తలుపు మళ్ళీ నిటారుగా నిలబడింది. వానల్లో ఉబ్బిన తలుపుని తొందరపడి చిత్రిక పడితే వేసవికి కింద చీమలదండు నడిచేంత సందు మిగులుతుంది, అది వేరే సంగతి.

ఆ వారం ఇంట్లో మాటామాటా వచ్చింది పిల్లాడి మార్కుల దగ్గర. రాసుకున్నది అక్కడ. వదులైంది నా ఆఫీసులో. పైనున్న స్క్రూ చూసుకోకుండా పిల్లాణ్ణి చెక్కబోయాను. మీలో యుద్ధాలు ఎక్కడినుంచి వస్తున్నాయని యాకోబు 4:1 అడుగుతుంది, ఆ ప్రశ్న ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఇంకో హెచ్చరిక. ఇల్లు పాడైందంటే ఇంటివాళ్ళు ఏదో చేశారనే పాఠం ఎన్నడూ తియ్యకండి. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక, కిటికీ అద్దాలన్నీ పోయి, మంచాలు తడిసిన ఇంట్లో కూర్చున్న మా పిన్నితో ఒకాయన, ప్రార్థన తగ్గిందేమో చూసుకోమన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు, గాజుపెంకులు ఏరుకుంటూ ఉండిపోయింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు యెరూషలేములో అందరికన్నా అపరాధులనుకుంటున్నారా, కారు అని ప్రభువే అన్నాడు (లూకా 13:4-5). కూలిన కట్టడం గురించి ఆయన నోటినుంచి వచ్చిన మాట అది. మారుమనస్సు పొందమన్నదీ వింటున్నవాళ్ళనే, పోయినవాళ్ళని కాదు.

ఏడో మెట్టు: మనుషుల లెక్క తేల్చండి

మేస్త్రీనో ప్లంబర్నో పిలిచి ఉంటే కూలి ఆ రోజే ఇవ్వండి. "రేపు ఫోన్‌పే చేస్తా" వద్దు. కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13, పొద్దుగుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15. అతనికి దాని మీదే ఆశ ఉంటుందని కూడా అక్కడే ఉంది. బేరం పని మొదలవకముందే ఆడుకోండి, అయిపోయాక కాదు. మజ్జిగ అడగకుండానే ఇవ్వండి.

ఎరువు తెచ్చిన పనిముట్టు ఆ సాయంత్రమే తుడిచి తిరిగివ్వండి. పై వాటాలో అన్నయ్యగారి డ్రిల్లు తెచ్చి బిట్టు విరగ్గొట్టిన రోజున నాకు 2 రాజులు 6వ అధ్యాయం కథ కాలేదు, వార్త అయింది. గొడ్డలి నీళ్ళలో పడగానే ఆ ప్రవక్తల శిష్యుడు పెట్టిన కేక, అయ్యో అది ఎరువు తెచ్చిందే అని. ఎలీషా దాన్ని తేలేట్టు చేశాడు. నాకు బిట్టు కొనివ్వాల్సొచ్చింది. ఆయన వద్దన్నా ఇచ్చాను.

మేడ మీద పిట్టగోడ కదులుతుంటే దాన్ని మిగతావాటికన్నా ముందు చూడండి. కొత్త ఇల్లు కడితే పైకప్పుకి పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడినవాడి రక్తం నీ ఇంటి మీదికొస్తుందని ద్వితీయోపదేశకాండము 22:8 నేరుగా చెబుతుంది. ఇక్కడ ఆత్మీయ భావం వెతకనక్కర్లేదు, గోడే కట్టాలి.

ఎనిమిదో మెట్టు: నెలకోసారి పాత పేజీ తిప్పండి

రాసిన తేదీకి నెల తర్వాత అదే చోటికి వెళ్ళి చూడండి. కుళాయి కింద పొడి చెయ్యి పెట్టండి. గ్రిల్లు మూలల్లో, వెల్డింగు అతుకుల దగ్గర గోటితో గీరండి. గోడకి అరచెయ్యి ఆనించండి. పక్కనే రాసుకున్న వచనం దగ్గర కూడా అదే ప్రశ్న వేసుకోండి, నిజాయితీగా ఒక టిక్కో ఇంటూనో పెట్టండి. నా పుస్తకంలో కుళాయికి టిక్కు ఉంది. కోపానికి మూడు ఇంటూలు, ఒక టిక్కు.

హాలు గోడకి టిక్కు పెట్టేశానని సంబరపడ్డాను. నిన్న సోఫా జరిపితే మూలన అరచేతి వెడల్పున మళ్ళీ తెల్లగా లేచింది. తాతకి ఫోన్ చేస్తే, "తలుపు పక్కన నాలుగు బిళ్ళలు అప్పుడు వొగ్గేసినాం బాబూ, అవీ విప్పాల" అన్నాడు. శనివారం పొద్దున్నే వస్తాడు. ఈలోగా గ్రౌట్ కిలో తేవాలి, సోఫా ఇటు తేవాలి, సామాను బయట పెట్టాలి.